ఎనిమిదో పాయ

పిల్ల ఎలుగుబంటి మళ్ళీ మెడ ముడుచుకుంది.

తెర మీద మిగతా అంతా సవ్యంగానే ఉంది. ఏరు దాటి, కొమ్మెక్కి, తేనెపట్టు సంపాదించి, ఒళ్ళంతా బురదతో పిల్ల ఎలుగు తండ్రి దగ్గరికి వస్తుంది. తండ్రి ఎలుగు దాన్ని ఎగాదిగా చూసి, "చాలా బాగా చేశావు రా కన్నా" అంటుంది. పిల్ల పరుగెత్తుకెళ్ళి తండ్రి పొట్టలో తల దూర్చేయాలి. దూరుస్తోంది కూడా. కానీ ఆ మాట వినబడగానే, పరుగు అందుకునే ముందు, రెప్పపాటు దాని మెడ భుజాల్లోకి కుంగుతోంది. పనిగట్టుకుని చూస్తే తప్ప కనబడదు. కనబడకపోయినా చూసినవాళ్ళ మనసులో ఏదో కలుక్కుమంటోంది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు ఉమాపతి.

ఉమాపతి ఆ బొమ్మల సినిమాకి దర్శకుడు, విశాఖపట్నంలో ఒక మేడ పై అంతస్తులో ఉన్న ఆ చిన్న స్టూడియోకి పెద్ద. ఏడుగురు యానిమేటర్లతో మూడేళ్ళుగా ఈ ఎలుగుబంట్ల కథ చేస్తున్నాడు. తండ్రి దగ్గరికి బిడ్డ బెరుకు లేకుండా పరుగెత్తడం, అంతే కథ. తన పదేళ్ళ కూతురు మిన్ను కోసమే ఈ బొమ్మ తీస్తున్నానని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు బొమ్మ మొత్తం ఆ ఒక్క షాటు మీద ఆగింది. ఆ పరుగులో బెరుకు ఉంటే మిగతా గంటన్నరా దండగే.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. రోజూ సాయంత్రం అందరూ చూపుడు గదిలో చేరతారు. ఎవరి షాటు వేస్తే వాళ్ళు తెర పక్కన నిలబడాలి. ఉమాపతి ముందు వరసలో కూర్చుని బాగోగులు చెబుతాడు. అరవడం, ఫైళ్ళు విసరడం ఆయన ఇంటావంటా లేవు. ఎవరి పనైనా సరే ముందు మెచ్చుకుంటాడు, ఆ తర్వాతే లోపం చెబుతాడు. "చాలా బాగుంది" అంటాడు, ఒక్క క్షణం ఆగుతాడు, "కానీ" అంటాడు. ఆ 'కానీ' తర్వాత వచ్చేది ఒక్కోసారి వారం పాటు అన్నం సయించనివ్వదు. అయినా తనంత మెత్తటి దర్శకుడు ఈ ఊళ్ళో లేడని ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ చెడగొట్టలేదు, ఎవరి ఉద్యోగం వాళ్ళకి ముఖ్యం కదా.

ఆ సాయంత్రం తెర పక్కన నిలబడింది కెజియా. పిల్ల ఎలుగు షాట్లన్నీ ఆమెవే.

"మెడలో ఎముకలన్నీ చూసేను సార్," అన్నాడు యంత్రాల సంగతి చూసే పైడిరాజు వెనక నించి. "తప్పేటీ లేదు. కొత్త మెడ పెట్టి చూసినా ఇలాగే వస్తోంది."

"మరి ఎక్కణ్ణించి వస్తోందయ్యా?"

"పాయల్లోంచి వస్తన్నట్టుంది సార్."

పాయల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనిషి నటిస్తే ఆ కదలికని పట్టుకుని బొమ్మకి అతికించడం పాత విద్య. ఉమాపతి, పైడిరాజు కలిసి తయారుచేసిన ఒంటినూలు అంతకన్నా గడుసుది. సన్నటి తీగలు నేసిన బనీను లాంటిది అది. చేసిన కదలికని కాదు, చేయబోయి మానుకున్న కదలికని పట్టుకుంటుంది. పక్కింటివాళ్ళు కాఫీ ఇస్తామంటే నోటితో వద్దంటూనే చెయ్యి ముందుకు పోబోతుందే, ఆ పోబోవడం దానికి దొరుకుతుంది. కొన్నాళ్ళు ఒంటినూలు తొడుక్కుని బొమ్మలు చూస్తూ, మాటలు వింటూ తిరిగితే, ఆ ఒళ్ళు ఏ గొంతుకి ఎలా స్పందిస్తుందో యంత్రం నేర్చేసుకుంటుంది. అదొక పాయ. ఎనిమిదిమంది పాయలు జడలా అల్లి బొమ్మకి ఎక్కిస్తే, అప్పటిదాకా కొయ్యలా ఉన్న పిల్ల ఎలుగు చటుక్కున ఊపిరి తీసుకున్నట్టయింది. ఆ రోజు ఏడుగురూ చప్పట్లు కొట్టారు.

ఏడుగురు యానిమేటర్లు పోగా ఎనిమిదో మనిషి మిన్ను. పిల్ల ఎలుగుకి పిల్ల ఒళ్ళు ఉండాలని, ఎండాకాలం సెలవుల్లో ఆమెకి చిన్న సైజు ఒంటినూలు కుట్టించాడు ఉమాపతి. తండ్రి ఎలుగుకి తాత్కాలికంగా తన గొంతే ఇచ్చాడు. ఆ సెలవులంతా మిన్ను స్టూడియోలో నవ్వుతూ పరుగెత్తింది.

పాయలకి అంకెలే ఉంటాయి, పేర్లుండవు. మనుషులు నోటితో చెప్పని సంగతులు ఒంట్లోంచి లాగుతున్నాం, కనీసం పేర్లైనా దాచాలని మొదట్లోనే అందరూ ఒట్టు పెట్టుకున్నారు. ఏ అంకె ఎవరిదో పైడిరాజుకి తెలుసు, అతను చెప్పడు.

"గొంతు మార్చి చూద్దామా సార్?" అంది కెజియా, నేల చూపులు చూస్తూ.

"గొంతుకేమైంది?"

"ఏం కాలేదు సార్. ఊరికే, ఒకసారి చూద్దామని."

సరే చూడమన్నాడు. పైడిరాజు మైకు దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకుని, "సాలా బాగా సేసేవురా కన్నా" అన్నాడు తన యాసలో. అందరూ నవ్వారు. షాటు వేశారు. పిల్ల ఎలుగు తల ఎత్తింది, చెవులు నిక్కించింది, బురద కాళ్ళతో తిన్నగా పరుగెత్తి తండ్రి మీద పడింది. మెడ ఎక్కడా కుంగలేదు.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ ఉమాపతి వైపు చూడలేదు. ఆ చూడకపోవడం ఆయనకి బాగా తెలిసింది.

"అంటే," అన్నాడు నెమ్మదిగా, "ఇక్కడ ఎవరికో నా గొంతంటే పడదన్నమాట. పైడిరాజూ, ఆ పాయ ఎవరిదో తియ్యి."

"ఒట్టు పెట్టుకున్నాం కద సార్."

"పెట్టించింది నేనే. నేనే తియ్యమంటున్నాను."

పైడిరాజు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. తెర పక్క నించి కెజియా అంది, "వద్దు సార్. అది నాదే."

ఉమాపతి ఆమె వైపు తిరిగాడు. ఒళ్ళు మండింది, పైకి కనబడనివ్వలేదు. ఎప్పటిలాగే మెత్తగా మొదలెట్టాడు.

"నీ పని చాలా బాగుంటుంది కెజియా. ఇక్కడున్న వాళ్ళలో చెయ్యి తిరిగినదానివి నువ్వే. కానీ, నీ పిరికితనం తెచ్చి నా బొమ్మకి పూస్తే ఎలా? మూడేళ్ళ కష్టం ఇది. రేపట్నించి చెట్లూ కొండలూ గీసుకో. ఆ పాయ తీసేద్దాం."

ఆమె "అలాగే సార్" అని వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నారు, ఏడవలేదు.

*

ఇంటికి వెళ్ళినా ఉమాపతి మనసు కుదుటపడలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని భార్య నీరజకి జరిగిందంతా చెప్పాడు.

"నేనెప్పుడైనా ఎవర్నైనా గట్టిగా ఒక్క మాటన్నానా? నువ్వు చెప్పు."

"గట్టిగా అయితే అనలేదు," అంది నీరజ, మిక్సీలో పచ్చడి వేస్తూ.

ఆ 'అయితే' ఆయనకి కొంచెం గుచ్చుకుంది. అడుగుదామనుకునేలోగా మిక్సీ మొదలైంది.

మిన్ను బడిలో చెప్పాల్సిన ఉపన్యాసం బట్టీపట్టి వచ్చి హాలు మధ్యలో నిలబడింది. సముద్రం గురించి. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తే కుక్కలు తవ్వేస్తున్నాయని, మనమే కాపలా కాయాలని, చేతులు ఊపుతూ గడగడా చెప్పేసింది. తాబేలు ఎలా నడుస్తుందో కూడా నాలుగడుగులు నడిచి చూపించింది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు ఉమాపతి. మిన్ను చేతులు కట్టుకుంది, కుడి కాలి బొటనవేలితో నేలని రాస్తూ నవ్వింది. "కానీ, అంత తొందరెందుకు? గుడ్లు అన్న దగ్గర నాలిక తడబడింది. ఆ నడక అవీ వద్దు, పిల్లలు నవ్వుతారు. ఏదీ, మళ్ళీ చెప్పు."

మిన్ను మళ్ళీ చెప్పింది. ఈసారి నాలిక తడబడలేదు. తాబేలు నడవలేదు. ఎంత మెరుగుపడిందో చూడమన్నట్టు ఉమాపతి భార్య వైపు చూశాడు. నీరజ పళ్ళాలు పెడుతోంది.

*

మర్నాడు కెజియా పాయ తీసేసి షాటు వేస్తే పిల్ల ఎలుగు మళ్ళీ మెడ ముడుచుకుంది. నిన్నటి మీద వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

మిగతావాళ్ళు టీకి కిందకి వెళ్ళారు. గదిలో ఉమాపతి, పైడిరాజు మిగిలారు.

"అంటే కెజియాది కాదు," అన్నాడు ఉమాపతి. "మరి తనదేనని ఎందుకు చెప్పింది?"

పైడిరాజు మీటల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"సరే, నువ్వు పేర్లు చెప్పొద్దు. జడ విప్పు. ఒక్కో పాయా విడిగా ఎక్కించి చూపించు."

"వదిలీండి సార్. ఎవరి చేతనో ఆ మాట చెప్పించీసి, షాటు కానిచ్చీసుకుందాం."

"చూపించు."

మొదటి పాయ ఎక్కించాడు. "చాలా బాగా చేశావు రా కన్నా," అంది ఉమాపతి గొంతు. పిల్ల ఎలుగు మెడ కుంగింది, చాలా కొద్దిగా. ఇదేనేమో అనుకున్నాడు. రెండోది ఎక్కించాడు. కుంగింది. మూడోది, నాలుగోది. ఒక దాంట్లో భుజం వెనక్కి పోయింది, ఒక దాంట్లో ఊపిరి ఆగింది. ఏడు పాయల్లో ఒక్కటీ సరైనది లేదు. మూడేళ్ళు తనతో కలిసి టీ తాగిన వాళ్ళు, పుట్టినరోజులకి కేకు తెచ్చిన వాళ్ళు, ఒక్కరు మిగలకుండా ఆ మంచి మాట వినగానే దెబ్బ కాచుకుంటున్నారు. ఉమాపతికి తల కొట్టేసినట్టయింది.

తిడితే కాదు, మెచ్చుకుంటే ముడుచుకుంటున్నారు. ఎందుకో ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మెచ్చుకోలు తర్వాత ఏం వస్తుందో వాళ్ళ ఒళ్ళకి కంఠతా వచ్చు.

"ఇంకోటి ఉంది కదా," అన్నాడు.

"ఉంది సార్." పైడిరాజు చెయ్యి కదల్లేదు. "అది చూడకండి సార్. నా మాట ఇనండి."

"వెయ్యి పైడిరాజూ."

ఎనిమిదో పాయ ఎక్కింది. తండ్రి ఎలుగు తన మాట అంది. పిల్ల ఎలుగు మెడ పూర్తిగా భుజాల్లోకి దిగిపోయింది. ముందు కాళ్ళు రెండూ ఛాతీ మీదికి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వెనక కుడి కాలు నేలని రాసింది. ఇంత కుంగిపోతూ కూడా అది నవ్వింది. బతిమాలుతున్నట్టు, ముందే క్షమాపణ అడుగుతున్నట్టు నవ్వింది. ఆ తర్వాత పరుగెత్తింది.

ఆ కాలు రాయడం, ఆ నవ్వు ఉమాపతి నిన్న రాత్రి తన హాల్లో చూశాడు. చూసి, పిల్ల సంతోషంగా ఉందనుకున్నాడు.

పరువు తక్కువ పనులు లోకంలో చాలానే ఉంటాయి, దొంగతనం చేసి దొరికిపోయిన వాడికైనా ఎక్కడికైనా పారిపోయే వీలుంటుంది. తన పిల్ల తన మంచి మాటకి భయపడుతోందని తెలిసిన తండ్రి ఎక్కడికి పారిపోతాడు? ఆయనకి పైడిరాజు పక్కన కూర్చోవడానికే సిగ్గేసింది.

"కెజియాకి తెలుసా ఇది?" అన్నాడు చివరికి.

"అందరికీ తెలుసు సార్. పాప ఇక్కడ తిరిగినప్పుడే, ఎండాకాలంలోనే చూసేరు."

*

కెజియా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కొండ మీద గడ్డి గీస్తోంది. ఉమాపతి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఆమె లేవబోతే వద్దన్నాడు. అలవాటు కొద్దీ "గడ్డి బాగుంది" అనబోయి, నోట్లోనే మింగేశాడు.

"నిన్న నిన్ను పిరికిదానివన్నాను. అందరి ముందూ అన్నాను. తప్పు నాది."

"నేను పిరికిదాన్నే సార్," అంది కెజియా. "నా పాయలో కూడా ఉంది. చూసే ఉంటారు."

"చూశాను. నీదేనని ఎందుకు మీదేసుకున్నావు?"

"పేర్లు విప్పించేస్తారని భయమేసింది. విప్పిస్తే పాపది బయటపడుతుంది. మీరు ఇంటికెళ్ళి, ఎందుకలా చేస్తున్నావు, మళ్ళీ చెయ్యి చూద్దాం అని పాపని నిలబెట్టి అడుగుతారేమో అనిపించింది." ఆమె గొంతులో కోపం దాచుకోలేదు. "మీరు అలాగే అడిగేవారు కదా సార్?"

ఉమాపతి గడ్డి బొమ్మ వైపు చూపు తిప్పుకున్నాడు. అలాగే అడిగేవాడు.

"మా పని మీకు నచ్చితే ఒకసారి నచ్చిందని చెప్పి వదిలెయ్యండి సార్. మూడేళ్ళలో మీరొక్కసారి కూడా ఆ మాట దగ్గర ఆగలేదు. మేమైతే సాయంత్రం ఇంటికెళ్ళిపోతాం."

ఆమె మాట అక్కడితో ఆపి గడ్డి వైపు తిరిగింది. సాయంత్రం ఇంటికెళ్ళినా ఆ గొంతునించి తప్పించుకోలేనిది ఎవరో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం చూపుడు గదిలో ఉమాపతి ముందు వరసలో కూర్చోలేదు. తెర పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఇక్కడ నిలబడితే ఎదురుగా ఉన్న మొహాలు ఇంత దగ్గరగా కనబడతాయని ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు.

"మెడలో తప్పు లేదు. తప్పు తండ్రి ఎలుగుది, అంటే నాది. నిన్న కెజియాని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ షాటు మళ్ళీ ఆమెదే," అన్నాడు. తర్వాత అందరినీ అడిగాడు, "ఏం చెయ్యాలో మీరు చెప్పండి."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎన్నిసార్లు అడిగినా ఆయన చివరికి తన మాటే నెగ్గించుకునే వాడు మరి. పైడిరాజే ముందు నోరు విప్పాడు.

"ఎనిమిదో పాయ తీసీడం తేలిక సార్. ఒక్క మీట."

తీసేసి చూశారు. ఏడు పాయల కుంగుబాటుని యంత్రం చేతే చదును చేయించారు. పిల్ల ఎలుగు తిన్నగా పరుగెత్తింది. మెడ నిటారుగా ఉంది, నవ్వు పెద్దగా ఉంది. బ్యాటరీ వేసిన బొమ్మ పరుగెత్తినట్టుంది. ఎవరికీ నచ్చలేదు, ఉమాపతికి అసలు నచ్చలేదు. ఆ పాయ పోతే పిల్లే పోయినట్టయింది.

"తిరిగి పెట్టెయ్యండి," అంది కెజియా. "పిల్లని సరిచెయ్యొద్దు సార్. తండ్రి మాట తీసేద్దాం. బాగా చేశావనీ వద్దు, ఏమీ వద్దు. ఊరికే కింద కూర్చోమనండి. పిల్ల ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది."

మాట తీసేశారు. తండ్రి ఎలుగుని కూర్చోబెట్టారు. జడలో ఎనిమిదో పాయ అలాగే ఉంది. పిల్ల ఎలుగు బురద కాళ్ళతో వచ్చి ఆగింది. తండ్రి నోటివైపు చూసింది, ఏమంటుందోనని. ఏమీ అనలేదు. ఒకడుగు వేసింది, మళ్ళీ చూసింది. తర్వాత పరుగెత్తలేదు, నడుచుకుంటూ వచ్చి తండ్రి పొట్ట పక్కన ఒదిగి కూర్చుని, తేనెపట్టు విరిచి సగం ఇచ్చింది. వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

ఉమాపతి "బాగుంది" అన్నాడు. ఏడుగురూ ఆయన మొహం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన గట్టిగా పెదాలు బిగించుకుని తన సంచి తీసుకుని బయటికి వచ్చేశాడు.

*

దారంతా ఆయనకి కొంచెం ధైర్యంగానే ఉంది. షాటు కుదిరింది. ఉపాయం దొరికింది. ఇంత చిన్న సంగతి, ఒక్క 'కానీ' మానుకుంటే సరిపోయే సంగతి ఇన్నేళ్ళూ తట్టనందుకు సిగ్గుపడుతూనే, ఇక తట్టింది కదా అనుకున్నాడు. పనిమంతుడు కదా, ఏ చిక్కైనా విప్పగలిగితే సగం సంతోషం ఆయనకి అక్కడే వచ్చేస్తుంది.

మిన్ను హాల్లో నేల మీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తోంది. సముద్రం, ఒడ్డు, పెద్ద తాబేలు, దాని వెనకే బుల్లి తాబేళ్ళు. తండ్రి అడుగుల చప్పుడు వినగానే లేచి కూర్చుంది. ఉమాపతి చెప్పులు విడిచి, సంచి పక్కన పెట్టి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం ఆ పిల్లకి వింతగా అనిపించినట్టుంది, అమ్మ ఎక్కడుందా అని వంటింటి వైపు చూసింది.

"చూడొచ్చా?" అన్నాడు.

మిన్ను కాగితం ఆయన వైపు తిప్పింది.

బొమ్మ నిజంగానే బాగుంది. పెద్ద తాబేలు మొహంలో అలసట ఉంది. ఎక్కడ నేర్చుకుందో కానీ, తాబేలు నడిచిన చోట ఇసక మీద గీతలు కూడా వేసింది. ఉమాపతి గుండె నిండిపోయింది.

"చాలా బాగుంది మిన్నూ," అన్నాడు.

మెడ కుంగింది. ఒంటినూలు లేకపోయినా ఇప్పుడు కనబడుతోంది. చేతులు ఛాతీ మీదికి వచ్చాయి, నవ్వు వచ్చింది. ఉమాపతి ఇంకేమీ అనలేదు. చాలా కష్టపడి ఏమీ అనకుండా కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మిన్ను ఎదురుచూస్తోంది.

"చెప్పు నాన్నా," అంది కాసేపటికి.

"చెప్పాను కదమ్మా. చాలా బాగుంది. అంతే."

మిన్ను ఆయన మొహంలోకి చూసింది, నమ్మనట్టుగా. తర్వాత బొమ్మని తనవైపు తిప్పుకుంది. కనుబొమలు ముడివేసి, తల కొంచెం పక్కకి వాల్చి, అచ్చం ఆయన ముందు వరసలో కూర్చుని చూసినట్టే చూసింది.

"కానీ, కాళ్ళు పొట్టిగా వచ్చాయి కదా?"

"లేదు తల్లీ. కాళ్ళు బాగున్నాయి."

"బుల్లివి మరీ ఎక్కువైపోయాయి. ఇన్ని అక్కర్లేదు."

"అన్నీ ఉండనియ్యి. నాకు అన్నీ నచ్చాయి."

"ఊరికే అంటున్నావు," అంది మిన్ను. ఉమాపతి చెయ్యి చాచి వద్దంటూనే ఉన్నాడు. ఆ పిల్ల రబ్బరు తీసుకుని, ఒక చివర నించి మొదలుపెట్టి, బుల్లి తాబేళ్ళని ఒక్కొక్కటే చెరిపేసింది.